వేడినీటి బుగ్గలు

పాఠ్యభాగ పరిచయం

ప్రస్తుత పాఠ్యభాగం విజ్ఞానాంశాలతో కూడిన యాత్రావ్యాసం. శీతకాలంలో వేడినీటి బుగ్గలను దర్శించే యాత్రికుడికి కలిగే ఆనందాన్ని, వాటి పుట్టుకకు కారణమైన ప్రకృతి ధర్మాన్ని, ఆ సంపద పట్ల మానవుడు పాటించవలసిన మితాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పుష్యమాసపు చలిలో తెల్లవారుజామున స్నానం చేయవలసి వచ్చినప్పుడు, పెరటి పొయ్యి మీద కాగుతున్న నీళ్ల కాగు కంటే ప్రియమైన వస్తువు మనకు మరొకటి కనిపించదు. అయితే ఆ కాగు కింద ఎవరో ఒకరు కూర్చొని కట్టెలు ఎగదోస్తూ ఉండాలి. కట్టెలు అయిపోతే మంట ఆరుతుంది, నీళ్లు చల్లారుతాయి. కట్టె లేకుండా, కనిపించే మంట లేకుండా, రాత్రింబవళ్లు ఎడతెగక నీళ్లు కాగే చోట్లు కూడా భూమి మీద ఉన్నాయి. మన పూర్వులు వాటిని ఉష్ణకుండాలనీ, తప్తకుండాలనీ పిలిచారు. భూమిలోంచి ఉబికివచ్చే ఊటకు తెలుగులో 'బుగ్గ' అని పేరు. కనుక ఇవి మనకు వేడినీటి బుగ్గలు. మన దేశంలో ఇటువంటి బుగ్గలు మూడు వందలకు పైగా ఉన్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించారు.

వీటిలో మణికరణ్ చాలా ప్రసిద్ధమైనది. ఇది హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లూ జిల్లాలో, పార్వతీ నది ఒడ్డున ఉంది. పార్వతీ నది బియాస్‌తో కలిసే భుంతర్ నుంచి లోయ వెంట సుమారు 35 కిలోమీటర్లు ఎగువకు ప్రయాణించి అక్కడికి చేరుకోవాలి. శీతకాలంలో ఆ ప్రయాణమే ఒక అనుభవం. కొండ కొమ్ముల మీద మంచు పేరుకొని ఉంటుంది. దేవదారు వృక్షాల నీడన దారి సన్నగా సాగుతుంది. పక్కనే లోతున పార్వతీ నది రాళ్లను ఒరుసుకుంటూ ఘోషిస్తుంది. ఆ నీటిలో చేయి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. అటువంటి నది ఒడ్డునుంచే తెల్లని ఆవిరి మేఘంలా పైకి లేస్తూ కనిపించేసరికి, మణికరణ్ వచ్చిందని యాత్రికుడు గ్రహిస్తాడు. మంచులాంటి నది, మరిగే బుగ్గ ఒకదానికొకటి కొన్ని అడుగుల దూరంలో ఉండడం అత్యంత ఆశ్చర్యకరమైన దృశ్యం.

పార్వతీదేవి చెవి మణి నీటిలో జారిపడగా అది ఆదిశేషుని లోకానికి చేరిందనీ, ఆయన బుస కొట్టినప్పుడు మణులతో పాటు వేడినీరు కూడా పైకి చిమ్మిందనీ అక్కడి ఐతిహ్యం. సిక్కులకూ హిందువులకూ ఇది సమానంగా పవిత్ర స్థలం. గురుద్వారా, ఆలయాలు పక్కపక్కనే ఉంటాయి. సముద్రమట్టానికి 1,700 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న ఈ ఊళ్లో నీరు సుమారు 94 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. ఇక్కడి బుగ్గలలో కొన్ని దాదాపు ఆ వేడితోనే బయటికి వస్తాయి. అందువల్ల గురుద్వారాలో అన్నదానానికి కావలసిన బియ్యం, పప్పు పెద్ద పాత్రలలో పోసి, మూతలు బిగించి, కుండంలోనే ఉడికిస్తారు. యాత్రికులు కూడా చిన్న గుడ్డసంచిలో గుప్పెడు బియ్యం మూటగట్టి, దారంతో నీటిలోకి వదిలి, ఉడికిన అన్నాన్ని ప్రసాదంగా తీసుకువెళ్తారు. స్నానానికి మాత్రం ఆ నీటిని నేరుగా వాడరు. చన్నీరు కలిపి వేడి తగ్గించిన తరువాతనే స్నానపు తొట్లలోకి వదులుతారు. బయట ఎముకలు కొరికే చలి. లోపల మెడ వరకు వెచ్చని నీరు. ప్రయాణపు బడలిక క్షణంలో తీరిపోతుంది.

ఈ నీటిని కాచేది ఎవరు? భూమి పైపొర నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది. సాధారణంగా ప్రతి కిలోమీటరు లోతుకూ 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వరకు ఉష్ణోగ్రత హెచ్చుతుంది. కొండల మీద కురిసిన వాననీరు, కరిగిన మంచునీరు రాతి పగుళ్ల గుండా మెల్లమెల్లగా భూగర్భంలోకి ఇంకుతాయి. లోతున వేడెక్కిన నీరు తేలికై, మరొక పగులు దొరికినచోట వేగంగా పైకి వస్తుంది. అగ్నిపర్వతాలున్న దేశాలలో కరిగిన శిలాద్రవం సమీపంలోనే ఉండి నీటిని కాస్తుంది. హిమాలయాలలో అగ్నిపర్వతాలు లేకపోయినా, రెండు భూఫలకాల ఒత్తిడి వల్ల ఏర్పడిన లోతైన పగుళ్లు నీటికి మార్గాలవుతాయి. వేడినీరు తాను ప్రయాణించిన రాళ్లలోని లవణాలను కరిగించుకొని వస్తుంది. కొన్ని బుగ్గల వద్ద ముక్కుకు సోకే ఘాటైన వాసన గంధకానిది.

ఈ ప్రయాణం ఒక రోజుదీ కాదు, ఒక ఏటిదీ కాదు. ఇంగ్లండులోని బాత్ నగరంలో నేడు ఉబికే ఉష్ణోదకం వేల సంవత్సరాల క్రితం వానగా కురిసినదని శాస్త్రజ్ఞుల అంచనా. అంటే మనం ఒక గంట సేపు అనుభవించే వెచ్చదనం వెనుక వేల ఏళ్ల ప్రకృతి శ్రమ ఉంది.

ఇటువంటి బుగ్గల కోసం తెలుగువారు హిమాలయాల దాకా వెళ్లనవసరం లేదు. భద్రాచలానికి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో గుండాల అనే గ్రామం ఉంది. అక్కడ గోదావరి ఒడ్డున ఇసుకలో గుంట తవ్వితే వేడినీరు ఊరుతుంది. శీతకాలంలో బ్రహ్మ విష్ణు మహేశ్వరులు వచ్చి ఆ నీట స్నానమాడేవారని స్థానికుల విశ్వాసం. దేవతలకు కూడా చలి వేస్తుందనీ, వారికి కూడా వేడినీళ్లు కావాలనీ ఊహించిన మన పెద్దల ఆత్మీయత ముచ్చటైనది. ప్రాచీనకాలంలో భూమి పగిలి కుంగడం వల్ల గోదావరి లోయ ఏర్పడింది. అక్కడి లోతైన పగుళ్లే ఈ వేడికి దారి చూపుతున్నాయి. అదే లోయలో, మణుగూరు సమీపంలోని పగిడేరు వద్ద భూగర్భ పరిశోధనకై వేసిన బోరు నుంచి వేడినీరు తనంతట తానే పొంగివస్తుంది. ఆ వేడితో విద్యుత్తు తయారుచేయడానికి సింగరేణి సంస్థ 2022లో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పింది. ఉత్తరాంధ్రకు పొరుగున, ఒడిశాలోని బరంపురానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో తప్తపాణి ఉంది. అడవి కొండల నడుమ ఉన్న ఆ బుగ్గ నీటిని గొట్టాల ద్వారా యాత్రికుల విడిదిలోని స్నానపు తొట్లకు అందిస్తారు.

వేడినీటి స్నానాన్ని ఒక సంస్కృతిగా పెంపొందించుకున్న జాతులు ఎన్నో ఉన్నాయి. రోమన్లు సుమారు రెండు వేల ఏళ్ల క్రితమే బాత్ నగరంలో స్నానశాలలను, ఆలయాన్ని నిర్మించారు. అక్కడి ప్రధాన బుగ్గ 46 డిగ్రీల వేడితో రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా నీటిని నేటికీ ఇస్తున్నది. హంగరీ రాజధాని బుడాపెస్టులో 1913లో ప్రారంభమైన సెచెన్యీ స్నానశాల ఉంది. మంచు కురిసే రోజులలో సైతం ఆరుబయటి కొలనులో మెడ లోతు నీటిలో నిలిచి చదరంగం ఆడే వృద్ధులను అక్కడ చూడవచ్చు. జపాను వారు ఇటువంటి స్నానస్థలాన్ని 'ఒన్సెన్' అంటారు. అక్కడ కొలనులోకి దిగడానికి ముందే సబ్బుతో ఒళ్లు శుభ్రంగా కడుక్కోవాలి. కొలనులో సబ్బు వాడకూడదు. తువ్వాలు కూడా నీటిని తాకకూడదు. తన తరువాత దిగేవాడికి కూడా అంతే స్వచ్ఛమైన నీరు దక్కాలన్నది ఆ నియమాల సారాంశం.

అయితే ప్రకృతి ఇచ్చినది ఎప్పటికీ తరగదని మానవుడు భ్రమపడిన సందర్భాలు కూడా లేకపోలేదు. న్యూజిలాండులోని రోటొరువా పట్టణం వేడినీటి బుగ్గలకూ, ఆకాశానికి ఎగజిమ్మే ఉష్ణజలధారలకూ పేరుపొందింది. ఇళ్లను వెచ్చబరచుకోవడానికీ, వసతిగృహాలలో స్నానపు కొలనులు నింపుకోవడానికీ పట్టణవాసులు ఇంటింటా బోర్లు వేశారు. ఒక్కొక్కరు తోడినది కొంచెమే. కానీ అందరి తోడకమూ కలిసేసరికి భూగర్భంలోని ఒత్తిడి తగ్గిపోయింది. తరతరాలుగా ఎగసిపడిన ధారలు ఒకటొకటిగా నీరసించాయి. పాపకురా అనే ధార 1979లో పూర్తిగా ఆగిపోయింది. చివరకు 1980వ దశకం ద్వితీయార్ధంలో ప్రభుత్వం కఠిన నిర్ణయం తీసుకున్నది. ప్రసిద్ధమైన పొహుతు ధారకు ఒకటిన్నర కిలోమీటరు పరిధిలోని బోర్లన్నింటినీ మూయించింది. తమ ఇంటి వెచ్చదనం పోతుందని ప్రజలు ఆగ్రహించారు. కానీ కాలక్రమంలో భూగర్భ జలమట్టం పెరిగింది. బుగ్గలు తిరిగి ప్రాణం పోసుకున్నాయి. పాపకురా 2015లో మళ్లీ ఎగసింది. మానవుడు చేయి వెనక్కు తీసుకుంటే ప్రకృతి క్షమిస్తుంది. అయితే ఆ క్షమకు దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

అన్ని నష్టాలూ ఇలా పూడవు. సట్లెజ్ నది ఒడ్డున ఉన్న తత్తపాని బుగ్గలు ఒకప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో యాత్రికులకు ప్రియమైన స్నానఘట్టాలు. కోల్ డ్యామ్ జలాశయం నిండిన తరువాత ఆ పాత బుగ్గలు నీట మునిగిపోయాయి. ఇప్పుడు అక్కడ బోర్ల ద్వారా వేడినీటిని పైకి రప్పించుకుంటున్నారు. విద్యుత్తు అవసరమే, బుగ్గలు కూడా అపురూపమే. ఒకదాని కోసం మరొకదాన్ని వదులుకునేటప్పుడు ఆ వెల ఎంతో తెలిసి వదులుకోవడం వివేకం.

చిన్న అలవాట్లు సైతం పెద్ద కీడు చేస్తాయి. పుణ్యజలాలలో నాణెం వేసి మొక్కుకోవడం మనకు అలవాటు. అమెరికాలోని ఎల్లోస్టోన్ ఉద్యానవనంలో 'మార్నింగ్ గ్లోరీ' అనే ఉష్ణకుండం ఒకప్పుడు నిండు నీలవర్ణంతో మెరిసేది. సందర్శకులు దశాబ్దాల తరబడి నాణేలు, చెత్త విసరడంతో అడుగున వేడినీరు వచ్చే దారి కొంత మూసుకుపోయింది. నీటి వేడి తగ్గింది. తక్కువ వేడిలో బతికే సూక్ష్మజీవులు అంచులనుంచి లోపలికి వ్యాపించి, నీలం స్థానంలో పసుపు, నారింజ రంగులు పరచుకున్నాయి. వేసిన నాణెం ఒకటే కావచ్చు; వేసిన చేతులు వేలు.

ఉష్ణకుండాలకు వెళ్లే యాత్రికుడు తన క్షేమం కూడా చూసుకోవాలి. వెచ్చని నీరు బిగిసిన కండరాలకు, కీళ్ల నొప్పులకు ఉపశమనం ఇస్తుంది. అంతమాత్రాన అది సర్వరోగ నివారిణి కాదు. సుమారు 40 డిగ్రీల నీటిలో పదిహేను నిమిషాలకు మించి ఉండకపోవడం మేలు. హృద్రోగులు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా దిగరాదు. శుద్ధిచేయని గోరువెచ్చని నీటిలో తల ముంచి, ముక్కులోకి నీరు పోనివ్వడం ప్రమాదకరం. 1978లో బాత్ నగరపు బుగ్గ నీటిలోని అమీబా సోకి ఒక బాలిక మరణించడంతో అక్కడి స్నానాలు ఆగిపోయాయి. కొత్త బోర్ల ద్వారా శుద్ధమైన నీటిని రప్పించి, 2006లో గాని నూతన స్నానశాలను ప్రారంభించలేకపోయారు.

గుండాల వద్ద ఇసుకలో తవ్వే గుంటను మరొకసారి తలచుకుందాం. గుంట తవ్విన మనిషి తనకు కావలసినంత నీటితో స్నానం చేసి వెళ్లిపోతాడు. ఆషాఢ శ్రావణాలలో వరద వచ్చినప్పుడు గోదావరి ఆ గుంటను పూడ్చివేస్తుంది. మరుసటి శీతకాలంలో మరొకరు వచ్చి తవ్వుకుంటారు. వారికి కూడా వేడినీరు ఊరుతుంది. ఇంటి కాగు కింద కట్టెలు ఎగదోసేవారు కంటికి కనిపిస్తారు కనుక మనం నీళ్లు పొదుపుగా వాడుకుంటాం. భూమి పొయ్యి దగ్గర కూర్చున్నవారు కనిపించరు. కనిపించనంత మాత్రాన ఆ నీరు ఊరికే వచ్చిందని అనుకోరాదు. వేల ఏళ్లుగా కాగిన నీటిని ఒక్క తరం తోడివేయరాదు.

అర్థాలు

కాగు = నీళ్లు కాచే పెద్ద పాత్ర
ఐతిహ్యం = పరంపరగా చెప్పుకొనే కథ
బడలిక = అలసట
ఉష్ణోదకం = వేడినీరు
భూఫలకం = భూమి పైపొరలోని కదిలే పెద్ద భాగం
ఘట్టం = నదిలోకి దిగే రేవు
ఉపశమనం = బాధ తగ్గడం

సంధులు

ఉష్ణోదకం = ఉష్ణ + ఉదకం – గుణసంధి
జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి

సమాసాలు

భూగర్భం = భూమి యొక్క గర్భం – షష్ఠీ తత్పురుష సమాసం
వేడినీరు = వేడియైన నీరు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నీలవర్ణం = నీలమైన వర్ణం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వేడినీటి బుగ్గలు ఏర్పడే విధానాన్ని వివరించి, మణికరణ్ విశేషాలను వర్ణించండి.
2. ప్రకృతి సంపదను మితంగా వాడుకోవాలన్న సత్యాన్ని రోటొరువా అనుభవం ఎలా నిరూపించిందో విశదీకరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గోదావరి లోయలోని వేడినీటి ఊటలను గురించి తెలపండి.
2. జపాను స్నాననియమాలలోని అంతరార్థం ఏమిటి?
3. 'వేసిన నాణెం ఒకటే కావచ్చు. వేసిన చేతులు వేలు' – సందర్భసహితంగా వివరించండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'బుగ్గ' అంటే ఏమిటి?
2. మణికరణ్ ఏ నది ఒడ్డున ఉంది?
3. పాపకురా ధార తిరిగి ఎప్పుడు ఎగసింది?