అడవిని చదవడం నేర్చుకుందాం



వన్యప్రాణి సంరక్షణ అంటే పట్నంలో పెద్ద చదువులు చదివినవారు చేసే పని అని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి ఈ పనికి రెండు కావాలి. ఒకటి, నేలను ఎరిగిన కళ్ళు. రెండు, చూసినదాన్ని తప్పు లేకుండా రాసిపెట్టే చదువు. మేకలు కాసి, పుల్లలు ఏరుకొచ్చి, చేలగట్ల మీద పెరిగిన మనకు మొదటిది ఇంటి దగ్గరే కొంత అబ్బింది. రెండోది హాస్టల్లో ఉండి నేర్చుకుంటున్నాం. ఈ రెండూ కలిస్తే ఎంత మేలు జరుగుతుందో ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

కలివికోడి చెప్పే పాఠం

కలివికోడి కడప ప్రాంతపు ముళ్ళపొదల్లో ఉండే పక్షి. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడి ద్వారా శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దీనికోసం వెదుకుతూ స్థానికులను అడిగి తెలుసుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రివేళ టార్చి వెలుగులో ఈ పక్షిని పట్టుకున్నాడు. పగలు పొదల్లో నక్కి, రాత్రి తిరిగే పక్షి అది. తరువాత ఆ ప్రాంతం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైంది.

2000 తరువాత పరిశోధకులు మరో ఉపాయం చేశారు. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారి దానిమీద పడిన అడుగుల గుర్తులు చూశారు. చీకటి పడే వేళ దాని కూత విన్నారు. ఇలా ఆనవాళ్ళు దొరకబట్టే, తెలుగుగంగ కాలువ దారిని ఆ పక్షి ఉండే చోటు నుండి తప్పించమని గట్టిగా అడగగలిగారు.

ఎనభై ఆరేళ్ళు దొరకని పక్షిని పట్టింది ఐతన్న. దాన్ని లోకానికి చెప్పింది చదువుకున్న పరిశోధకుడు. ఈ రెండు పనులూ ఒక్కరే చేయగలిగితే? మనం కావలసింది అదే.

నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతంలో చెంచులు వాచర్లుగా పనిచేస్తున్నారు. పులి ఏ వాగు దాటిందో వారికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఆ ఇళ్ళలోని పిల్లలు చదువుకొని, ఆ అడవికే అధికారులుగా రావాలి.

ఇప్పటినుండే చేయదగిన సాధన

1. నోటుపుస్తకం: తేదీ, వేళ, చోటు, ఏమి చూశాం, ఎన్ని చూశాం అన్నది అక్కడికక్కడే రాయాలి. కళ్ళారా చూసింది వేరు, ఎవరో చెప్పింది వేరు. రెండూ కలపకూడదు.

2. అడుగుజాడలు: కుక్క, నక్క అడుగుల్లో గోళ్ళ గుర్తులు పడతాయి. పులి, చిరుత, అడవిపిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి సాధారణంగా పడవు. పూర్వం పులులను అడుగుజాడలతోనే లెక్కించేవారు. 2006 జాతీయ గణన నుండి కెమెరాలు వాడుతున్నారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు.

3. ఊరివారితో మాట: పంట పోగొట్టుకున్న రైతుకు అడవిపంది శత్రువే. ముందు ఆయన నష్టం వినాలి. కరెంటు తీగ పెడితే పందితోపాటు మనిషి కూడా చచ్చిపోతాడని, నష్టపరిహారానికి అటవీశాఖకు అర్జీ పెట్టుకోవచ్చని ఆ తరువాత చెప్పాలి.

4. నడక: బీట్ ఆఫీసర్ ఎంపికలో పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. స్త్రీలకు దూరం తక్కువ. పరీక్షకు నెల ముందు మొదలుపెడితే కాళ్ళు సహకరించవు.

5. జాగ్రత్త: ఒంటరిగా కొండెక్కరాదు. అనుమతి లేనిదే రిజర్వు ఫారెస్టులోకి పోరాదు.

చదువుల దారి

ఇంటర్మీడియట్ పాసైనవారు బీట్ ఆఫీసర్ పరీక్ష రాయవచ్చు. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం వంటి సబ్జెక్టుతో డిగ్రీ ఉంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు కూర్చోవచ్చు. 1982లో డెహ్రాడూన్‌లో ఏర్పడిన భారత వన్యప్రాణి సంస్థ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ చెబుతుంది. తెలంగాణలో ములుగు (సిద్దిపేట జిల్లా) ఫారెస్ట్ కళాశాలలో బి.ఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. ఎంపికైన సిబ్బందికి రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువు అకాడమీలో శిక్షణ ఇస్తారు.

తిరువూరులో పులులు లేవు కదా, ఎక్కడ నేర్చుకోవాలి అని మీరు అడగవచ్చు. కట్టలేరు ఒడ్డు ఉంది, మామిడితోటలు ఉన్నాయి. బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెట్టు పెరిగే కొండపల్లి కొండలు మన పాత కృష్ణా జిల్లాలోవే. ప్రతి ఆదివారం ఒకే చోట, ఒకే వేళకు ఇద్దరిద్దరుగా అరగంట నిలబడి, కనిపించిన పిట్టలన్నీ రాయండి. ఏడాదికి యాభై రెండు పేజీలవుతాయి. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, కూత రాసుకుని ఇంటికి వెళ్ళినప్పుడు తాతయ్యను అడగండి. తాతకు పేరు తెలుసు, మీకు రాయడం తెలుసు. ఆ పుస్తకాన్ని వచ్చే వార్షికోత్సవానికి తెచ్చి చూపించండి. అందరం కలిసి చదువుకుందాం.