వాగు వరదకు ముందుగా లెక్క కట్టుట

వాగుపై ఇరుకైన తూము కట్టినచో ఒక్క వానకు బాట తెగి, ఊరికి రాకపోకలు నిలిచిపోవును. కావున ఎంత వరద రాగలదో పంచాయతీ సభ్యులు ముందుగా విచారింపవలెను.

చిన్న వాగులకు ప్రవాహపు కొలతలు సాధారణముగా ఉండవు. అందుచే వాన నీరు వాగునకు చేరు పరీవాహక ప్రాంతపు వైశాల్యమును బట్టి లెక్క వేయుదురు. దక్షిణ భారతమున 1884 నాటి రైవ్స్ సూత్రము ప్రసిద్ధము. వైశాల్యము 8 చదరపు కిలోమీటర్లనుకొందము. దాని ఘనమూలము 2; దాని వర్గము 4. సముద్రతీరమునకు 80 కిలోమీటర్ల లోపలనైనచో 4ను 6.8 చే హెచ్చింపగా సెకనుకు 27.2 ఘనపు మీటర్ల వరద యని తేలును. కొండల చెంత 10.2 చే హెచ్చింపగా 40.8 అగును.

ఇంజనీర్లు "25 ఏండ్ల వరద" అనుటయు కలదు. అది 25 ఏండ్లకొకమారే వచ్చునని భ్రమపడరాదు. ఏ యేటనైనను అది వచ్చుటకు 25లో 1 వంతు అవకాశము కలదని అర్థము. నిరుడు వచ్చినది ఈ యేడును రావచ్చును. 25 ఏండ్లలో ఒకమారైనను వచ్చుటకు నూటికి 64 వంతులు అవకాశము కలదు.

మేము మనవి చేయునదేమనగా, పెద్దలు చూచిన వరద మట్టములను గుడి గోడలపై గుర్తించి, సంవత్సరముతో సహా పంచాయతీ పుస్తకమున వ్రాయించుడు. సూత్రపు లెక్కను ఆ గుర్తులతో సరిచూడుమని ఇంజనీరును కోరుడు.