మూతలో దీపం, సీసాలో నీళ్లు
(రోగుల కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు)

ఆసుపత్రిలో రోగి మంచం పక్కన ఉండే చిన్న బల్ల మీద ఒకప్పుడు స్టీలు గ్లాసు, మంచినీళ్ల చెంబు ఉండేవి. ఇప్పుడు అక్కడ మెరిసే మూత ఉన్న సీసా కనిపిస్తోంది. మూత మీద వేలు పెడితే నీళ్ల వేడి అంకెల్లో కనబడుతుంది. కొన్ని మూతలు గంటకోసారి దీపం వెలిగించి "నీళ్లు తాగండి" అని గుర్తు చేస్తాయి. పెళ్లిళ్లలో, పుట్టినరోజులకు, ఆఫీసుల్లో వీటిని బహుమతిగా ఇస్తున్నారు. పై ఊళ్లలో ఉద్యోగం చేసే పిల్లలు తల్లిదండ్రులకు ప్రేమతో పంపుతున్నారు.

వస్తువు మంచిదే. కాని రోగి ఉన్న ఇంట్లో, పసిపిల్లలు తిరిగే ఇంట్లో దీని గురించి కొన్ని సంగతులు తప్పక తెలిసి ఉండాలి. ఈ పాఠంలో వాటిని ఒక్కొక్కటిగా నేర్చుకుందాం.

మరచెంబు నుండి మెరిసే మూత వరకు

తీసి మళ్లీ బిగించుకునే మూత మనకు కొత్త కాదు. మన పెద్దలు రైలు ప్రయాణానికి మరచెంబు తీసుకువెళ్లేవారు. మర తిప్పి బిగిస్తే చుక్క కూడా కారేది కాదు. గోలీ సోడా సంగతి చూడండి. సీసా మెడలో ఉన్న గాజు గోలీని లోపలి గ్యాసే పైకి నెట్టి పట్టుకుంటుంది. ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో దీనికి పేటెంటు పొందాడు. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకు మూతకు పేటెంటు తీసుకున్నాడు. ఆ రేకు మూతను ఒకసారి తీస్తే మళ్లీ పెట్టలేం. ఆ తర్వాత వచ్చిన ప్లాస్టిక్ మర మూత మళ్లీ మరచెంబు పద్ధతికే వచ్చింది.

ఆ తర్వాత మూతకు కొత్త పనులు అప్పగించారు. 2014లో ఫ్రాన్సులో విట్టెల్ అనే నీళ్ల కంపెనీ గంటకోసారి చిన్న జెండా పైకి లేచే మూతను చూపించింది. సీసా బిగించినప్పుడు గడియారం మొదలవుతుంది, గంట గడిస్తే జెండా లేస్తుంది. తర్వాత వచ్చిన కొన్ని సీసాలు ఎంత నీరు తాగారో లెక్కగట్టి సెల్‌ఫోనుకు పంపుతున్నాయి. మన బజారులో ఎక్కువగా దొరికేవి మాత్రం వేడి చూపించే మూతలు, దీపం వెలిగే మూతలు.

మూత లోపల ఏముంది?

సాధారణంగా నాలుగు భాగాలు ఉంటాయి. వేడిని పసిగట్టే చిన్న పరికరం, అంకెలు చూపే దీపం, వీటిని నడిపే చిన్న చిప్పు, శక్తినిచ్చే బిళ్ల బ్యాటరీ. చార్జింగ్ పెట్టుకునే రకాలు కూడా ఉన్నాయి. వేడి చూపించే మూత నీళ్ల వేడిని మాత్రమే చూపుతుంది. రోగి జ్వరానికీ దానికీ సంబంధం లేదు. సీసా సగం ఖాళీగా ఉంటే మూతకు నీరు తగలదు కాబట్టి అంకె తక్కువ చూపించవచ్చు. అందుచేత వేడినీళ్లు రోగికి ఇచ్చే ముందు మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకోవడం మానవద్దు. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. ముసలివారి చర్మం, పసిపిల్లల చర్మం ఇంకా త్వరగా కాలుతుంది. కాళ్లకు స్పర్శ తగ్గిన షుగరు రోగుల దగ్గర వేడినీళ్ల సీసా వదలి వెళ్లకండి.

మూతకు తెలియని సంగతి

ఇలా జరిగిందనుకోండి. మన తీర గ్రామంలో ఒక తల్లి. కిడ్నీలు దెబ్బతిని వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటోంది. చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకు దీపం వెలిగే మూత ఉన్న సీసా పంపాడు. ఎండలు మండుతున్నాయి. గంటకోసారి దీపం వెలుగుతోంది. "అబ్బాయి పంపాడు, వెలిగినప్పుడల్లా తాగమన్నాడు" అని ఆమె ప్రతిసారీ గ్లాసెడు తాగింది. మూడు రోజులకు పాదాలు ఉబ్బాయి. రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంది. కోడలు హడావుడిగా ఆటోలో ఆసుపత్రికి తీసుకువచ్చింది.

ఇక్కడ తప్పు ఎవరిది? కొడుకు ప్రేమలో లోపం లేదు. తల్లి మాట వినకపోలేదు. మూత కూడా పాడవలేదు. అయితే ఆ మూత ఆరోగ్యవంతుని లెక్క ప్రకారం వెలుగుతుంది. దాన్ని పట్టుకున్నవారి కిడ్నీ పని చేస్తోందో లేదో దానికి తెలియదు. ఆ సంగతి తెలిసినవారు ఇద్దరే: డాక్టరుగారు, ఇంట్లో చూసుకునే మీరు.

ఎవరు ఎక్కువ తాగాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్ల మాట. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. రొయ్యల గుంటల మీద పనిచేసేవారు, వేటకు వెళ్లే మత్స్యకారులు, ఉప్పు మడుల్లో పనిచేసేవారు, పొలం కూలీలు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతుండాలి. కిడ్నీలో రాళ్లు ఉన్నవారు రోజుకు రెండు నుండి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీరు తాగాలని సాధారణంగా చెబుతారు. మతిమరుపు ఉన్న వృద్ధులకు దాహం సరిగా తెలియదు. ఇలాంటివారికి గుర్తు చేసే మూత నిజంగా మేలు చేస్తుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు సరిపోతున్నట్టు. ముదురు రంగులో ఉంటే చాలడం లేదన్నమాట.

ఎవరు కొలిచి తాగాలి?

1. డయాలసిస్ చేయించుకునేవారు.
2. గుండె బలహీనపడి ఆయాసం, కాళ్లవాపు ఉన్నవారు.
3. కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవారిలో కొందరు.
4. రక్తంలో సోడియం తగ్గిందని డాక్టరుగారు చెప్పినవారిలో కొందరు.

డయాలసిస్ రోగులకు, ముందురోజు వచ్చిన మూత్రం ఎంతో దానికి సుమారు అర లీటరు కలిపి లెక్క చెప్పడం సాధారణ పద్ధతి. గుండె రోగుల్లో కొందరికి రోజుకు ఒకటిన్నర నుండి రెండు లీటర్ల హద్దు పెడతారు. మీ రోగికి ఎంత అనేది మీ డాక్టరుగారే చెప్పాలి. ఆ అంకెను అడిగి, చీటీ మీద రాయించుకోండి.

కొబ్బరి బొండాం విషయంలో కూడా జాగ్రత్త. రోగిని చూడవచ్చేవారు ప్రేమగా తెస్తారు. కాని దానిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ రోగి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగే ప్రమాదం ఉంది.

ఖర్చు లేని కొలత పద్ధతి

ఉదయాన్నే ఒక మామూలు సీసాలో డాక్టరుగారు చెప్పిన మొత్తం నీరు పోయండి. ఒక లీటరు అయితే ఒక లీటరే. రోజంతా రోగికి ఆ సీసాలో నుండే ఇవ్వండి. కాఫీ, మజ్జిగ, చారు, గంజి, రాగి అంబలి ఏది ఇచ్చినా, అంతే నీటిని సీసాలో నుండి తీసివేయండి. మాత్రలు వేసుకునే నీరు కూడా లెక్కే. సాయంత్రానికి సీసాలో ఎంత మిగిలిందో చూస్తే రాత్రికి ఎంత ఇవ్వవచ్చో తెలుస్తుంది. దాహం ఎక్కువైతే నోరు పుక్కిలించి ఉమ్మవచ్చు. ఉప్పు, ఊరగాయ, ఎండుచేప తగ్గిస్తే దాహమే తగ్గుతుంది.

రోజూ ఉదయం ఒకే సమయానికి బరువు చూడండి. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. కాబట్టి గుండె రోగి మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, ఒంట్లో చేరిన నీరు. వెంటనే డాక్టరుగారికి చెప్పండి.

బిళ్ల బ్యాటరీ: పసిపిల్లలకు ప్రాణాపాయం

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. మూతల్లోనే కాదు, తిరునాళ్లలో అమ్మే దీపాల బొమ్మల్లో, రిమోట్లలో, తూకం యంత్రాల్లో, పాటలు పాడే శుభాకాంక్షల కార్డుల్లో కూడా ఈ బిళ్లలు ఉంటాయి. దాని మీద "సి.ఆర్.2032" అని ఉంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు అని అర్థం. చూడడానికి రూపాయి బిళ్లలా ఉంటుంది. సరిగ్గా ఆ పరిమాణమే చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుంటుంది.

ఇరుక్కుంటే ఏమవుతుంది? లోపలి తడి తగలగానే బ్యాటరీ నుండి కరెంటు ప్రవహించి, దాని చుట్టూ ఘాటైన క్షారం తయారవుతుంది. అది గొంతు లోపలి కండను కాలుస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. మూతలో దీపం వెలగనంత పాతబడిన బ్యాటరీలో కూడా కాల్చడానికి చాలినంత శక్తి మిగిలే ఉంటుంది. ఇటువంటి మరణాల తర్వాతే అమెరికాలో 2022లో బిళ్ల బ్యాటరీల వస్తువులకు గట్టి మూత ఉండాలని చట్టం చేశారు.

లక్షణాలు: చొల్లు కారడం, అన్నం తినకపోవడం, దగ్గు, ఛాతీ నొప్పి, వాంతి, నల్లని మలం. ఒక్కోసారి మొదట ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి అనుమానం ఉంటే చాలు, బయలుదేరండి.

ఏమి చేయాలి?
1. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా అందుబాటులో ఉన్న వాహనంలో ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. "రేపు చూద్దాం" అనవద్దు.
2. బిడ్డ వయసు ఏడాది దాటి, మింగి 12 గంటలు కాకపోతే, మింగగలుగుతుంటే, ఇంట్లో తేనె ఉంటే రెండు చెంచాలు (10 మి.లీ.) నాకించండి. దారిలో పది నిమిషాలకోసారి, మొత్తం ఆరు సార్లకు మించకుండా ఇవ్వవచ్చు. తేనె కోసం అంగడికి వెళ్లి ఆలస్యం చేయవద్దు.
3. అదే రకం బ్యాటరీ గాని, ఆ మూత గాని వెంట తీసుకురండి.

ఏమి చేయకూడదు?
1. వేలు పెట్టి వాంతి చేయించకూడదు.
2. అరటిపండు, అన్నం ముద్ద, నీళ్లు, పాలు ఇవ్వకూడదు. మత్తు ఇచ్చి బ్యాటరీ తీయవలసి రావచ్చు.
3. ఏడాది లోపు బిడ్డకు తేనె ఇవ్వకూడదు.
4. ముక్కులో పెట్టుకుంటే చుక్కల మందు వేయకూడదు. తడి తగిలితే గాయం పెరుగుతుంది.

బ్యాటరీ తీసిన తర్వాత కూడా కొన్ని వారాల వరకు గాయం లోతుకు పోవచ్చు. ఇంటికి వెళ్లాక బిడ్డ రక్తం కక్కితే, కొంచెమైనా సరే, అది అత్యవసరం.

అందుచేత మూత కొనేటప్పుడే బ్యాటరీ అర చిన్న స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. పగిలిన మూతను బిడ్డకు ఆటవస్తువుగా ఇవ్వకండి. పాత బ్యాటరీకి రెండువైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట పెట్టి, తర్వాత పారవేయండి.

శుభ్రత, నీటి మంచిచెడులు

ఎలక్ట్రానిక్ మూతను మరిగే నీటిలో వేయలేం. అందుకే చాలామంది దాన్ని పైపైన తుడిచి వదిలేస్తారు. మూత లోపలి రబ్బరు వాషరు కింద జిగురు, బూజు చేరుతుంది. రోజూ వాషరు తీసి సబ్బుతో రుద్ది, ఆరబెట్టి పెట్టండి. క్యాన్సరు మందులు వాడుతున్నవారికి మర మూత గల మామూలు స్టీలు సీసాయే మంచిది. పాలు, మజ్జిగ వంటివి ఇటువంటి సీసాల్లో గంటల తరబడి ఉంచవద్దు.

అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే మూతలు కూడా వచ్చాయి. తేటనీటిలో క్రిముల మీద అవి పనిచేస్తాయి. కాని మన తీరంలో బావినీటి ఉప్పదనాన్ని గాని, జిల్లా పడమటి మెట్ట ప్రాంతపు ఫ్లోరైడును గాని అవి తీయలేవు. మరిగించినా ఆ రెండూ పోవు. ఆ దీపం వైపు కంటితో నేరుగా చూడకూడదు.

సీసా మీది పేరును చూసి కూడా మోసపోకండి. విరేచనాల బిడ్డకు పొట్లం మీద రాసినంత నీటిలో కలిపిన అసలైన ఓ.ఆర్.ఎస్. కావాలి. ఆ పేరు పెట్టుకుని అమ్ముడైన తీపి పానీయాల మీద హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కలిపిన ఓ.ఆర్.ఎస్. నీటిని 24 గంటల తర్వాత పారబోయాలి.

పాఠం నేర్చుకున్నామా?

1. దీపం వెలిగింది, డయాలసిస్ రోగికి నీళ్లు ఇవ్వాలా? — ముందు ఆ రోజు సీసాలో ఎంత మిగిలిందో చూడాలి.
2. బిడ్డ బ్యాటరీ మింగిందేమోనని అనుమానం, బిడ్డ మాత్రం ఆడుకుంటోంది. ఆగవచ్చా? — ఆగకూడదు. ఎక్స్‌రే తీయించాలి.
3. మూత 45 డిగ్రీలు చూపుతోంది. నేరుగా తాగించవచ్చా? — చుక్క మణికట్టు మీద వేసి చూడాలి.

దూరాన ఉన్న పిల్లలకు ఒక మాట. అమ్మకు, నాయనకు సీసా పంపే ముందు ఫోన్ చేసి, "డాక్టరు రోజుకు ఎన్ని నీళ్లు తాగమన్నారు?" అని అడగండి. ఆ అంకెను సీసా మీద గీతగా గీసి పంపండి. ఆ గీత రోజంతా వారికి మీ మాట గుర్తుచేస్తుంది.