మాల్టు ఎంజైములు: పిండిపదార్థం చక్కెరగా మారే తీరు

నానిన బార్లీ గింజ మొలకెత్తేటప్పుడు పిండం నుంచి వెలువడే జిబ్బరెల్లిన్ అనే హార్మోను ప్రేరణతో ఆల్యురాన్ పొర ఆల్ఫా అమైలేజ్‌ను తయారుచేస్తుంది. బీటా అమైలేజ్ మాత్రం గింజలో ముందే బంధిత రూపంలో ఉండి అప్పుడు విడుదలవుతుంది. ఇలా మొలకెత్తించి, ఎంజైములు నశించకుండా ఆరబెట్టిన ధాన్యమే మాల్టు. దీన్ని నలగ్గొట్టి వేడినీటిలో కలిపినప్పుడు ఆల్ఫా అమైలేజ్ పిండిపదార్థపు గొలుసులను మధ్యలో తెంచగా, బీటా అమైలేజ్ చివరల నుంచి మాల్టోజ్ అనే చక్కెరను వేరుచేస్తుంది. మొదటిది సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వద్ద, రెండోది 60–65 డిగ్రీల వద్ద చురుకుగా ఉంటాయి కనుక ఉష్ణోగ్రతను ఎంచుకోవడమే బీరు తయారీలో అసలు నైపుణ్యం. వేడి ఎక్కువైతే ఈస్టు పులియబెట్టలేని డెక్స్‌ట్రిన్లు మిగిలిపోతాయి. 1833లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు పాయెన్, పెర్సో మాల్టు నుంచి వేరుచేసిన డయాస్టేజ్‌నే తొలిసారి కనుగొన్న ఎంజైముగా పరిగణిస్తారు.