పాత ఇంజన్లకు కొత్త కూత

ప్రశ్న: నా హెచ్‌ఓ సైజు మోడల్ రైలు లేఅవుట్ పాత డీసీ కంట్రోలరుతో నడుస్తోంది. డీసీసీకి (డిజిటల్ కమాండ్ కంట్రోల్) మారి, శబ్దం కూడా పెట్టాలనుంది. ఇంజన్లన్నీ ఒకేసారి మార్చాలా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అక్కర్లేదండీ. మీకు బాగా నచ్చిన ఇంజనొక్కదానితో మొదలుపెట్టండి. డీసీలో పట్టాల మీది వోల్టేజీయే వేగం. అందుకే ఒకే లైనులో రెండు ఇంజన్లుంటే రెండూ కదులుతాయి. డీసీసీలో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఆదేశాలూ దాంతోనే వెళ్తాయి. ఇంజనులో అమర్చే చిన్న సర్క్యూట్, అంటే డీకోడరు, తన నంబరుకు వచ్చిన ఆదేశాన్నే పాటిస్తుంది. కొత్త డీకోడరు నంబరు మామూలుగా 3 ఉంటుంది, ముందు అది మార్చుకోండి.

అసలు పనంతా ఇంజను లోపలే. ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంటే అదృష్టం, డమ్మీ ప్లగ్గు తీసి డీకోడరు గుచ్చడమే. చాలా పాత ఇంజన్లలో మోటారు బ్రష్ ఒకటి నేరుగా లోహపు ఛాసిస్‌కి ఆనుకుని ఉంటుంది. దాన్ని విడదీయకుండా డీకోడరు కలిపితే, పట్టాలెక్కించగానే కాలిపోవచ్చు. డీకోడరు బిగించే ముందే మోటారు కొసలకూ చక్రాలకూ మధ్య కనెక్షన్ లేదని మల్టీమీటరుతో చూసుకోండి.

శబ్దం సంగతికొస్తే, స్పీకరు వెనక గాలి చొరబడని చిన్న డబ్బా తప్పనిసరి. అది లేకపోతే ఎంత ఖరీదైన సౌండ్ డీకోడరైనా పీలగా అరుస్తుంది. వాల్యూమ్ సగానికి తగ్గించండి. ఇంట్లోవాళ్ల మాట అటుంచి, మీకే తలనొప్పి వస్తుంది. మురికి పట్టాల మీద శబ్దం తెగి తెగి వస్తుంటే, పట్టాలూ చక్రాలూ శుభ్రం చేశాక, కరెంటు క్షణం తెగినా డీకోడరును నడిపించే కీప్ అలైవ్ కెపాసిటరు పెట్టించండి.

పాత కంట్రోలరు వైర్లు మాత్రం పూర్తిగా విప్పేయండి. పాత కంట్రోలరూ డీసీసీ రెండూ ఒకే పట్టాలకు తగిలితే కొత్త పరికరాలు దెబ్బతింటాయి.