కోడ్ తనిఖీ: ఖర్చెంత, ఫలితమెంత?

2014 ఫిబ్రవరిలో యాపిల్ సంస్థ ఐఫోన్లకు హడావిడిగా ఒక అప్‌డేట్ విడుదల చేసింది. కారణం ఒక్క అదనపు లైను. ఎదుటి వెబ్‌సైటు అసలుదో నకిలీదో తేల్చే ప్రోగ్రాంలో 'గోటు ఫెయిల్' అనే ఆదేశం వెంటవెంటనే రెండుసార్లు పడింది. మొదటిదానికి షరతు ఉంది, రెండోదానికి లేదు. దాంతో డిజిటల్ సంతకం పరిశీలన జరగకుండానే ప్రోగ్రాం 'అంతా సవ్యం' అనేది. వెబ్‌సైట్లు మామూలుగానే తెరుచుకోవడంతో వాడేవారికి తేడా తెలియలేదు.

ఇలాంటి తప్పులను పట్టుకోవడానికే కోడ్ తనిఖీ. అంటే ప్రోగ్రాంను నడపకుండా, కొందరు కలిసి లైను తర్వాత లైను చదవడం. ఐబీఎంలో పనిచేసిన మైకేల్ ఫాగన్ దీనికొక క్రమపద్ధతిని రూపొందించి 1976లో ప్రచురించారు. బృందంలో సాధారణంగా నలుగురుంటారు. ముందుగా ఎవరికి వారు కోడ్ చదువుకొని వస్తారు. సమావేశంలో తప్పులను గుర్తిస్తారే గాని అక్కడే సరిదిద్దరు. ఒక్కో సమావేశం రెండు గంటలు మించకూడదు.

మరి ఖర్చు? గంటకు 150 లైన్ల చొప్పున 600 లైన్లకు నాలుగు గంటలు పడుతుంది. నలుగురికి కలిపి 16 గంటలు. ముందుగా చదువుకోవడానికీ అంతే సమయం వేసుకుంటే మొత్తం 32 గంటలు, అంటే ఒక ఉద్యోగి నాలుగు రోజుల పని!

అయినా లాభం ఉంది. పరీక్షలో ప్రోగ్రాం ఆగిపోతే మనకు తెలిసేది లక్షణం మాత్రమే, మూలం వెతకాలి. చదివేటప్పుడు మూలమే కంటపడుతుంది. గోడ లేస్తుండగా వంకర కనిపిస్తే నాలుగు ఇటుకలు తీస్తే సరిపోతుంది. స్లాబు వేశాక సరిచేయాలంటే ఎంత ఖర్చో ఇల్లు కట్టినవారికి తెలుసు.

అలాగని తనిఖీ సర్వరోగ నివారిణి కాదు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' లోపం ఉన్న కోడ్‌ను చేర్చే ముందు మరొకరు చూశారు. అయినా పొడవును సరిచూసే ఒక చిన్న షరతు లేదన్న సంగతి ఆయన దృష్టికి రాలేదు. ఉన్న తప్పును పట్టుకోవడం కంటే, ఉండాల్సింది లేదని గమనించడం కష్టం.

బెల్ ల్యాబ్స్‌లో 1990లలో జరిగిన అధ్యయనంలో, ఎక్కువ తప్పులు సమావేశానికి ముందు విడివిడిగా చదివేటప్పుడే దొరుకుతున్నాయని తేలింది. అందుకే నేడు చాలా సంస్థల్లో సమావేశం లేకుండా, చిన్న చిన్న మార్పులను ఒకరిద్దరు తెరపైనే చదువుతున్నారు. దీనివల్ల ఖర్చు తగ్గింది. కానీ చదివేవారు నిదానించి చదివితేనే ఫలితం. కళ్ళు కోడ్ మీద, మనసు గడియారం మీద ఉంటే అది తనిఖీ కాదు, సంతకమే.