ఊహాలోకానికి పటం: నీళ్లతో మొదలుపెడదాం

మన క్లబ్బులో కథలు రాసేవాళ్లున్నారు, కవితలు రాసేవాళ్లున్నారు. నాది కాస్త వేరే పిచ్చి. లేని దేశాలకు మ్యాపులు గీస్తుంటాను. చూసినవాళ్లు "ఇది ఏ కథకి?" అని అడుగుతారు. చాలాసార్లు కథ ఇంకా పుట్టి ఉండదు. పటం సరిగ్గా గీస్తే కథ అందులోంచే వస్తుంది. ఎలాగో చెప్తాను.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమర్‌లో, వానలకు బయటికి వెళ్లలేని రోజుల్లో, ఆర్.ఎల్. స్టీవెన్సన్ తన సవతి కొడుకు లాయిడ్‌తో కూర్చుని ఒక దీవి పటం గీసి రంగులు వేశాడు. ఆ పటాన్ని చూస్తుండగానే పాత్రలు కదలడం మొదలైందని తర్వాత తనే రాశాడు. అదే 'ట్రెజర్ ఐలండ్'. 1883లో పుస్తకంగా వచ్చేముందు ప్రచురణకర్తలకు పంపిన ఆ పటం కాస్తా పోయింది! నవలలో ఎక్కడెక్కడ ఏం చెప్పాడో వెతుక్కుని, దానికి సరిపోయేలా మళ్లీ గీయాల్సి వచ్చింది. పటం నుంచి కథ అల్లడం కంటే కథ నుంచి పటం గీయడమే ఆయనకు కష్టమైంది.

1. ముందు ఎత్తులు

చాలామంది తీరరేఖతో మొదలుపెడతారు. వంకర్లు తిప్పితే చూడ్డానికి బాగుంటుంది మరి. నేను మాత్రం ముందు కొండలు పెడతాను. సర్వేయింగ్ చదివినవాళ్లకు కాంటూర్ గీతలు తెలుసు కదా. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిటారు వాలు, దూరంగా ఉంటే మైదానం. వాగు ఉన్నచోట అవి ఇంగ్లీషు 'వి' అక్షరంలా వంగుతాయి, ఆ మొన ఎప్పుడూ ఎగువ వైపే చూస్తుంది. ఇక్కడ నాలుగు గీతలు గీస్తే చాలు, నది ఎటు పారాలో కాగితమే చెబుతుంది.

2. తర్వాత నీళ్లు

నది పల్లానికి పోతుంది. దారిలో ఉపనదులు వచ్చి కలుస్తాయి. పాయలుగా చీలడం ఎక్కువగా సముద్రం దగ్గర పడ్డాకే. మన గోదావరినే చూడండి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టింది. అక్కడికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. అయినా నేల తూర్పుకు వాలి ఉంది కాబట్టి 1465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. దగ్గర్లో సముద్రం ఉంది కదా అని నదిని అటు తిప్పేస్తే కుదరదు, మధ్యలో కొండ ఉందేమో చూడాలి.

వానా అంతే. గాలి ఏ వైపు నుంచి వస్తుందో బాణం గుర్తు పెట్టుకోండి. కొండకు గాలి తగిలే వైపు అడవి, వెనక వైపు ఎండు నేల. పడమటి కనుమల మీద ఆగుంబెలో ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఆ కనుమలకు ఇవతల, వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురంలో సుమారు 550. నైరుతి గాలి రెండుచోట్లా వీస్తుంది, మధ్యలో కొండలున్నాయంతే.

3. ఊళ్లు, పేర్లు, దూరాలు

ఊరు నీళ్లున్నచోట, దారులు కలిసేచోట పుడుతుంది. పేరు కూడా ఆ నేల నుంచే తీసుకోండి. ఏటి మధ్య దిబ్బ అయితే లంక, పడవలాగే చోటు రేవు, కొండల మధ్య దారి కనుమ. పేరులో 'కుంట' ఉండి పటంలో కుంట కనబడకపోతే, అదేమైందో చెప్పే ముసలాయన ఒకడు ఆ ఊళ్లో ఉండాలి. చూశారా, ఒక పాత్ర వచ్చేసింది.

స్కేలు తప్పనిసరి. సెంటీమీటరుకు 10 కిలోమీటర్లనుకోండి. పటంలో రెండు ఊళ్ల మధ్య 18 సెంటీమీటర్లుంటే 180 కిలోమీటర్లు. రోజుకు 30 కిలోమీటర్లు నడిచే మనిషికి ఆరు రోజులు. మీ కథలో వార్తాహరుడు పొద్దున బయల్దేరి సాయంత్రానికి చేరలేడు. ఆ ఆరు రోజుల్లో యుద్ధమే ముగిసిపోవచ్చు.

4. ఆనకట్ట ఎక్కడ?

ఇప్పుడు నేను గీస్తున్న దేశంలో ఒకటే పెద్ద నది. దిగువన డెల్టా, ఎగువన కొండల మధ్య ఒక ఇరుకు. ఆనకట్టకు అంతకంటే మంచి చోటు లేదని కాంటూర్లు చూస్తే తెలిసిపోతుంది. అక్కడ అరసెంటీమీటరు గీత గీస్తే డెల్టాకు రెండో పంట వస్తుంది. కానీ ఆ కట్ట ఎత్తుకు సమానమైన కాంటూర్ వెంబడి పెన్సిల్ నడిపిస్తే ఎగువన మూడు ఊళ్లు లోపలికి వచ్చేస్తాయి. ఆ మూడింటికీ నేనే పేర్లు పెట్టాను. ఒకదానికి రేవు ఉంది, ఇంకోదానికి సంత ఉంది.

మనకిది ఊహ కాదు. శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది, ఎండాకాలం నీటిమట్టం తగ్గితే బయటపడుతుంది. మ్యాపులో అక్కడ నీలం రంగు మాత్రమే కనిపిస్తుంది. అందుకే నా పటంలో ఆ మూడు పేర్లూ చెరపలేదు. నీలం రంగు కిందే సన్నని అక్షరాల్లో ఉంచాను. ఆనకట్ట కడదామనే డెల్టా రైతు మాటా న్యాయమే, వద్దనే సంత ఊరివాళ్ల మాటా న్యాయమే. నా కథకు విలన్ అవసరం పడలేదు. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే గొడవ తయారైంది.

ఈ ఆదివారం ప్రయత్నించండి. ఒక ఏ4 కాగితం, పెన్సిల్, రబ్బరు చాలు. మూడు కొండలు, ఒక గాలి బాణం, ఒక నది, రెండు ఊళ్లు పెట్టండి. పటం కింద స్కేలు రాయండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎండాకాలంలో ఈ రెండు ఊళ్లలో ఏది ముందు ఎండిపోతుంది? అక్కడివాళ్లు నీళ్ల కోసం ఏ దారిన వెళ్తారో గీయండి. మీ కథ ఆ దారి మీదే మొదలుపెట్టండి.